అక్కచెల్లెండ్ర సంఘమునకు అందవలసిన లెక్క

వికారాబాదు, తాండూరు ప్రాంతములకు క్రొత్తగా వచ్చువారికి కోట్‌పల్లి యనగానే 1967లో కట్టబడిన జలాశయమును, దాని నీటిపై సెలవుదినములందు పట్టణపు యువకులు నడుపు చిన్న పడవలును స్మరణకు వచ్చును. ఆ నీటి యందమును కాదనువారు లేరు. కాని 2016లో మండల కేంద్రమైన ఈ యూరియందును, దాని చుట్టునున్న పల్లెలందును, పత్తికిని కందికిని పెట్టుబడి వెదకుకొను ఇండ్లలో, బిడ్డ చదువునకో పెండ్లికో చేయి చాపవలసివచ్చిన ఇండ్లలో, ఆ జలాశయముకంటె సన్నిహితమైనది మరియొకటి కలదు. అది స్త్రీల పొదుపు సంఘము. పది పదునైదుగురు స్త్రీలు ఒకరి పూచీపై ఒకరు నిలిచి, రక్తసంబంధము లేకున్నను అక్క, చెల్లె, వదినె యని పిలుచుకొనుచు, నెలనెలకును కూడి పొదుపు వేసి, అప్పు తీసికొని, కిస్తు కట్టు ఈ వ్యవస్థను సోదరభావముపై నిలిచిన సంఘమని చెప్పుటకు ఏ దేశమువారికిని అభ్యంతరముండదు. ఆ సంఘమును గూర్చియే, అందును దాని పుస్తకములను గూర్చియే, నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిని.

నా వాదమొక్కటే. సంఘమున జరిగినది జరిగినట్లు, జరిగిన కాలమునందే, అందరికంటె ముందు సభ్యులకు చెప్పబడవలెను. బ్యాంకునకు, మండల సమాఖ్యకు, జిల్లా కార్యాలయమునకు పోవలసిన నివేదికలన్నియు ఆ పిమ్మటనే పోవలెను. నేడు పెక్కుచోట్ల జరుగుచున్నది తలక్రిందులుగా నున్నది. పైవారడిగిన లెక్క పైవారు పెట్టిన గడువునకు, కొన్నిచోట్ల నిజముగను కొన్నిచోట్ల గళ్లు నింపుటకొరకును, పోవుచునే యున్నది. ఎవరి సొమ్మును గూర్చినదో ఆ లెక్క, వారికి మాత్రము చిట్టచివర, అదియు అడిగినప్పుడు, అడిగినందులకు కొంత విసుగుతో కలిసి, అందుచున్నది.

ఈ సంఘములు ఒక్కనాట వెలసినవి కావు. 1982లో డ్వాక్రా పథకముతో మొలకెత్తి, 1992లో నాబార్డు దేశవ్యాప్తముగా 500 సంఘములతో ప్రయోగరూపమున ఆరంభించిన బ్యాంకు అనుసంధానముతో బలపడి, 2000 సంవత్సరమున మొదలైన వెలుగు పథకముతో గ్రామ సంఘములుగను మండల సమాఖ్యలుగను ఒకదానిపై నొకటి అమరినవి. మండల సమాఖ్యలు పెక్కు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద నమోదైనవి. సంఘములకు మొదటినుండియు ఉపదేశింపబడిన పంచసూత్రములలో క్రమము తప్పని సమావేశము, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు అనునవి నాలుగుకాగా, ఐదవది పుస్తకముల నిర్వహణము. ఐదవదానిని కడపట చెప్పుటచేత అది కడపటిదని మనవారు భావించిరేమో. నా దృష్టిలో తక్కిన నాలుగును దానిపైననే ఆధారపడి యున్నవి. వ్రాయని పొదుపు పొదుపు కాదు, వ్రాయని చెల్లింపు చెల్లింపు కాదు.

ఒక గ్రామ సంఘపు నెలవారి సమావేశమును కన్నులయెదుట నిలుపుకొందము. పొలముపని ముగించుకొని, కాళ్లుచేతులు కడిగికొని వచ్చిన స్త్రీలు వరండాలో పరచిన చాపలపై కూర్చుందురు. నడుమను అట్టలు నలిగిన పుస్తకములు: తీర్మానముల పుస్తకము, నగదు పుస్తకము, అప్పుల లెడ్జరు, రబ్బరు పట్టీతో బిగించిన పాసుపుస్తకముల కట్ట. వీఓఏ యని అందరును పిలుచు కార్యకర్త ఒడిలో లెడ్జరును, చేతిలో ఫోనును పెట్టుకొని, ఒక కంట దీనిని ఒక కంట దానిని చూచుచుండును. వెనుక వరుసనుండి ఒకామె, “అక్కా, మొన్న ఐతారం నీ చేతిల వెట్టిన కిస్తు పైసలు రాసినవా?” అని అడుగును. “రాస్త తియ్యి, యాడికి వోతయి” అని సమాధానము వచ్చును. ఈ సమాధానమున మోసము లేదు, దురుద్దేశమును లేదు. ఆ డబ్బు చేతిసంచిలో, ఆ పేరు చీటిముక్కపై, భద్రముగనే యుండును. కాని బ్యాంకునకు చేతిసంచి కనబడదు. దానికి కనబడునది ఖాతాలో పడిన తేదీ యొక్కటే.

కిస్తు గడువు దాటిన మరునాటినుండియే బాకీ పడినది ఆమె యొక్కతెయే కాదు, ఆమెతోకూడ సంఘమంతయును. రిజర్వు బ్యాంకు నియమము ననుసరించి 90 దినములు దాటినచో ఆ ఋణము నిరర్థక ఆస్తుల పద్దున చేరును. వడ్డీ లేని ఋణమను పేర ప్రభుత్వము తిరిగి యిచ్చు వడ్డీ, సకాలమున కిస్తులు చెల్లించిన సంఘములకే వర్తించును. ఐతారమునాడు చెమటోడ్చి తెచ్చిన డబ్బును గడువునకు ముందే కట్టిన స్త్రీ, ఆ డబ్బు పద్దున కెక్కుట ఆలస్యమైన పాపమునకు, ఎగవేసినవారితో సమానముగా లెక్కింపబడును. ఇట్టి అన్యాయము నెవ్వరును తలపెట్టి చేయలేదు. అయినను అన్యాయము జరిగినది. ఆలస్యముగా వ్రాయబడిన సత్యము, అవసరమైన ఘడియయందు అసత్యము చేయు పనినే చేసిపోయినది.

అక్కచెల్లెండ్ర నడుమ లెక్కలేమని పలుకువారు కలరు. లెక్క అడుగుట అనుమానించుటయేనని, అనుమానము పుట్టినచోట సంఘము నిలువదని వారి భయము. ఈ భయమును నేను తేలికగా తీసివేయజాలను, ఏలయన అది మంచి మనస్సునుండి పుట్టినది. పల్లెలో ఒకరినొకరు ముఖము చూచుకొని బ్రతుకవలెను; సంఘపు అధ్యక్షురాలు రేపటి దినమున వియ్యపురాలు కావచ్చును, నేటి పొరుగింటి చెల్లె మాపు జ్వరము వచ్చిన బిడ్డకు గంజి కాచి తేవచ్చును. అట్టిచోట, “పైసలేడబోయినయి” అని నిలదీయుటకు నోరు రాదు. కాని ఆ సంకోచము ఎవరికి కీడు చేయుచున్నదో చూడవలెను. రసీదు లేక డబ్బు పుచ్చుకొన్న నిజాయితీపరురాలు, ఆ డబ్బును పైసతో సహా బ్యాంకులో కట్టియును, ఏడాది తరువాత ఎవరో గుసగుసలాడిన నాడు చూపుటకు కాగితము లేక తలవంచుకొని నిలువవలసివచ్చును. నోటిమాట నీటిమూట యన్న సామెత ఊరక పుట్టలేదు. పుస్తకమున ఆనాడే వ్రాయబడిన పద్దు మొట్టమొదట కాపాడునది ఆ నిజాయితీపరురాలినే. అడుగక మునుపే లెక్క చెప్పు ఆచారమున్నచో, అడుగుటవలని నొప్పి ఎవ్వరికిని తగులదు. రక్తబంధువులు వాదులాడుకొని మరల కలియుదురు, వారిని కలుపుటకు ఇంకెన్నో పోగులున్నవి; సంఘమున చేరినవారిని కలిపి యుంచు పోగు ఆ పుస్తకముదక్క వేరొకటి లేదు.

ఇంతకంటె సూక్ష్మమైన దోషము మరియొకటి కలదు. దానిని సంఘములలో సర్దుబాటు అందురు. ఒకామెకు వానలు లేక పంట పోయినది. ఈ నెల కిస్తు కట్టజాలదు. పదుగురిలో ఆమె పేరు బాకీపడినదిగా చదువుట ఎందుకని, నాయకురాలు పొదుపు సొమ్మునుండి తీసి ఆమె పేర కట్టినట్లు వ్రాయించును. ఆ నెలకు నివేదిక నిర్దుష్టముగా పోవును, పైవారు మెచ్చుకొందురు. రెండవ నెల మరి ఇద్దరికి సర్దవలసివచ్చును. పుస్తకమున నూటికి నూరు వసూలు, పెట్టెలో శూన్యము. ఈ మాట బయటపడునప్పటికి సర్దుటకేమియు మిగులదు, పంట పోయిన స్త్రీకి దయచూపినవారందరును దోషులుగా నిలువవలసివచ్చును. మొదటి నెలయందే, “ఈమె పంట పోయినది, కట్టలేదు” అని ఉన్నదున్నట్లు చదివి వ్రాసియుండినచో, సంఘము తీర్మానము చేసి గడువు పెంచియుండును. అంతర్గత నిధినుండి బహిరంగముగ అప్పిచ్చియుండును. గ్రామ సంఘమునకు సంగతి తెలిపి ఆ యూరి సేద్యమునకే దెబ్బ తగిలినదని ముందుగ హెచ్చరించియుండును. దయ చూపవలసినది తీర్మానమున. పద్దున సత్యము మాత్రమే యుండవలెను. ఈ రెంటిని కలగాపులగము చేయుటవలననే మంచివారి చేతిలోని సంఘములు చెడిపోవుచున్నవని నా దృఢవిశ్వాసము.

సంఘమునకును దాని వ్రాతకును గల ఈ సంబంధము తెలంగాణమునకు క్రొత్తగా బోధింపవలసినది కాదు. 1921 నవంబరులో హైదరాబాదు నగరమున మహర్షి కర్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభయందు ఆలంపల్లి వెంకట రామారావు తెలుగున మాటాడబోగా సభికులు గేలిచేసిన సంగతియు, ఆ అవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టిన సంగతియు మన విద్యార్థులకెల్ల తెలిసినదే. ఆ సంఘమునకు ప్రాణమై నిలిచిన మాడపాటి హనుమంతరావుగారి మహత్త్వమును ఆయన ఉపన్యాసములలోకంటె ఆయన వ్రాతలోనే నేను చూచుచున్నాను. సభలు జరుపుటకు ముందుగా నిజాం ప్రభుత్వపు అనుమతి పొందవలెనను నిర్బంధము, 53వ నెంబరు గస్తీ యను ఆజ్ఞాపత్రపు రూపమున, నెత్తిపై వ్రేలాడుచున్న దినములవి. అట్టి కాలమున ఒక అతిశయోక్తి, ఒక తప్పు తేదీ, జరుగని దానిని జరిగినట్లు చెప్పిన ఒక వాక్యము చాలును, ఉద్యమమంతటిని అబద్ధమని త్రోసివేయుటకు. వెట్టిచాకిరిని గూర్చి చెప్పవలసివచ్చినను, వర్తకుల బాధలను గూర్చి చెప్పవలసివచ్చినను, విషయమును తూచి, పరిశీలించి, కరపత్రములుగను పుస్తకములుగను ప్రకటించి, అధికారులు కాదనలేని రీతిని నిలబెట్టిన పద్ధతి ఆ సంఘముది.

మాడపాటివారు రచించిన ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ 1949, 1950 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడినది. నేడు మనము, ఆ యుద్యమపు సభలలో 1930లో జోగిపేట సభకు సురవరం ప్రతాపరెడ్డి, 1931లో దేవరకొండ సభకు బూర్గుల రామకృష్ణారావు, 1935లో సిరిసిల్ల సభకు మాడపాటివారే, 1936లో షాద్‌నగరు సభకు కొండా వెంకట రంగారెడ్డి అధ్యక్షత వహించిరని తడుముకొనక చెప్పగలుగుచున్నామన్నచో, తీర్మానములను చదివి ఆనాటి వాదోపవాదములను తెలిసికొనగలుగుచున్నామన్నచో, ఆ సంఘము తన పనిని తానే ఎప్పటికప్పుడు వ్రాసికొని భద్రపరచుటయే కారణము. ఆ షాద్‌నగరు సభాధ్యక్షుని పేర వెలసిన రంగారెడ్డి జిల్లాలోనే కోట్‌పల్లి పల్లెలు 2016 వరకు నుండినవి. కావున ఆ వారసత్వము ఇచ్చటివారికి పరాయిది కాదు.

సురవరంవారి కృషి ఇంకొక పాఠమును చెప్పుచున్నది. 1926లో ఆయన సంపాదకత్వమున గోలకొండ పత్రిక వెలసెను. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని యెవరో వ్రాసినప్పుడు, ఆయన కోపముతో ఖండనవ్యాసము వ్రాసి ఊరకుండలేదు. ఊరూరినుండి కవుల పేర్లను, పద్యములను, వివరములను తెప్పించి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించెను. ఆ కవులు అంతకుముందును ఉండిరి. ఎవ్వరును వ్రాసి పంపనందున లేనివారిగా ఎంచబడిరి. మారుమూల పల్లెనుండి ఒక ఉపాధ్యాయుడో ఒక పురోహితుడో తన యూరి కవి వివరమును సకాలమున పంపుటచేతనే ఆ కవి నేటికిని జీవించియున్నాడు. పంపనివారి కవులేమైరో మనకెవ్వరు చెప్పగలరు? కోట్‌పల్లి స్త్రీలు ఇన్నేండ్లుగా చేసిన పనికిని ఇదే గతి పట్టకూడదని నా యారాటము. ఎన్ని ఇండ్లు వడ్డీవ్యాపారి గుమ్మమునుండి మరలినవో, ఎందరు బిడ్డలు ఈ పొదుపు సొమ్ముతో తాండూరునకును వికారాబాదునకును పోయి చదివిరో, ఆ కథ సంఘపు తీర్మానముల పుస్తకములందు తప్ప మరెక్కడను లేదు. ఆ పుస్తకములు చెదలుపట్టిననాడు ఆ కథయును చెదలుపట్టును.

సహకార సంఘముల చరిత్రయును ఈ మాటనే చెప్పుచున్నది. ఇంగ్లండులోని రాచ్‌డేల్ అను ఊర 1844లో 28 మంది, నేతపనివారును ఇతర పనివారును, తమలో తాము కూడి అంగడి తెరచి, నేటి సహకారోద్యమమునకు ఆద్యులైరి. సరుకులో కల్తీ చేయరాదు, తూకము తప్పరాదు అను నియమములతోపాటు, సభ్యులకు తరచుగా జమాఖర్చుల పట్టికను సమర్పింపవలెనను నియమమును వారు పెట్టుకొనిరి. అంత దూరమేల, 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు నెలకొల్పిన ముల్కనూరు సహకార సంఘము మనయెదుటనే యున్నది. ఎన్నో సహకార సంఘములు మూతపడిన ఈ గడ్డమీదనే అది తలయెత్తి నిలువగలిగినదన్నచో, సర్వసభ్య సమావేశమున రైతుల యెదుట లెక్క విప్పి చెప్పు అలవాటునకు అందులో గొప్ప భాగము కలదని నేను నమ్ముచున్నాను. ఇందుకు మారుగా, 2001, 2002 ప్రాంతమున హైదరాబాదులో కృషి, చార్మినారు సహకార పట్టణ బ్యాంకులు కూలినప్పుడు, సహకారమను మాటను నమ్మి డబ్బు దాచుకొన్న సామాన్యులకు నిజము తెలిసినది తలుపులు మూతపడిన తరువాతనే.

ఇక పైకి పోవు నివేదికల సంగతి. వాటిని వద్దనుట నా యుద్దేశము కాదు. కొనుగోలు కేంద్రమునే చూడుడు. జలాశయపు ఆయకట్టున పండిన వడ్లను స్త్రీసంఘములు కల్లములవద్ద కొనునప్పుడు, రైతు పేరు, పట్టాపాసుపుస్తకపు నెంబరు, బస్తాల సంఖ్య, తూకము ట్యాబులో ఎక్కినగాని రైతు ఖాతాలో డబ్బు పడదు. లారీ పోయినది, వడ్లు మిల్లు చేరినవి, కాని వివరము ఎక్కలేదు. రైతు దినదినమును బ్యాంకునకు పోయి ఉత్త చేతులతో వచ్చును, ఇంటివద్ద విత్తనముల అంగడివాడు కూర్చుండి యుండును. ఇచ్చట ఒక్క దినపు జాప్యము ఒక ఇంటి నిద్ర చెరచును. ప్రమాదమున మరణించిన సభ్యురాలి కుటుంబమునకు రావలసిన బీమా విషయమును అంతియే. ఓటరు కార్డున మాణెమ్మ, ఆధారున మాణిక్యమ్మ, సంఘపు జాబితాయందు మానెమ్మ యని వ్రాయబడియున్నచో, బ్రతికియున్న దినములందు నవ్వుకొని విడిచిపెట్టిన ఆ అక్షరభేదము, చనిపోయిన పిదప ఆమె బిడ్డలను కార్యాలయముల చుట్టు త్రిప్పును. పేరు సరిచూచుట చిన్నపని. దానిని చేయవలసిన కాలమున చేయుటయే అందలి పెద్దతనము.

కాని ఈ భారమంతయు ఎవరి భుజములపై నున్నదో ప్రభుత్వమువారు గమనింపవలెను. పుస్తకములు వ్రాయునది, ట్యాబు నింపునది, బ్యాంకునకు పోవునది, సర్వేకు పిలిచినప్పుడు సర్వేకు, సభకు పిలిచినప్పుడు సభకు పరుగెత్తునది ఆ వీఓఏ యే. ఆమెకిచ్చునది జీతము కాదు, గౌరవ వేతనము. అదియును నెల తిరుగగనే అందునను భరోసా లేదు. 2023లో రాష్ట్రమంతటను వీఓఏలు సమ్మెకు దిగుట మనమందరమును చూచితిమి. ఆమె పంపు లెక్క ఒక్క దినము ఆలస్యమైనచో నోటీసు పంపువారు, ఆమెకు పంపవలసిన డబ్బును నెలలు ఆలస్యము చేయుట ధర్మమా? సమయపాలనము క్రిందివారికే కాని పైవారికి కాదను నీతి ఏ సోదరసంఘమును నిలుపజాలదు. కాలము తప్పక వ్రాయుమని ఆమెను గట్టిగా అడుగుటకు మనకు అధికారము రావలెనన్నచో, కాలము తప్పక ఆమెకు కూలి చెల్లింపవలెను.

గ్రామ సంఘమున చేయదగిన పని యొకటి కలదు. సమావేశము మొదలగునప్పుడు, క్రొత్త పథకములను గూర్చి అధికారులు పలుకు మాటలకంటె ముందు, గడచిన నెల లెక్కను పేరుపేరున బిగ్గరగా చదువవలెను. చదువురాని స్త్రీకి పుస్తకము చూపి వేలిముద్ర వేయించుకొనుట లెక్క చెప్పుట కాదు. ఆమె పేరు, ఆమె కట్టినది, ఆమె కింక మిగిలినది ఆమె చెవిన పడవలెను, పదుగురి చెవిని పడవలెను. తప్పున్నచో అచ్చటనే, “గట్లగాదు, నేను రెండు కిస్తులు గట్టిన” అని ఆమె అనవలెను, అది అప్పటికప్పుడే సరిదిద్దబడవలెను, కొట్టివేసిన అంకెప్రక్కన అధ్యక్షురాలు సంతకము చేయవలెను. ఆ పిమ్మట ఫోటో తీసి పైకి పంపవచ్చును, ట్యాబులో ఎక్కింపవచ్చును. కట్టనివారి పేర్లును తప్పక చదువవలెను, కారణముతోసహా చదువవలెను. కారణము చెప్పుకొనుటకు ఆమెకు నాలుగు నిమిషముల వ్యవధి ఈయవలెను. సంవత్సరాంతమున జమాఖర్చుల పట్టికను పెద్ద అక్షరములతో వ్రాసి పంచాయతీ గోడపై అంటింపవలెను. ఇందువలన సమావేశము ఒక అరగంట పెరుగునేమో, పెరుగనిండు. కోట్‌పల్లి మండల సమాఖ్య ఈ పద్ధతిని వచ్చు నెలనుండియే ఆరంభింపవచ్చును. దీనికి జీవో అక్కరలేదు, నిధులును అక్కరలేదు. తీర్మానముల పుస్తకమున ఒక తీర్మానమును, దాని క్రింద హాజరైనవారందరి సంతకములును చాలును.